బయానా ఇచ్చే ముందు బోరు నీళ్లు చూడండి

ఈ పేజీలో ఎప్పుడూ బీపీ గురించో, షుగరు గురించో, పిల్లల టీకాల గురించో రాస్తుంటాం. ఈసారి ఇల్లు కొనడం, అమ్మడం గురించి రాస్తున్నాం. ఆసుపత్రి వాళ్లకు ఇళ్ల బేరాలతో ఏం పని అనుకోవద్దు. నడుము వంగడం లేదనీ, మెడ తిరగడం లేదనీ, పిల్లవాడి పళ్లు పచ్చబడ్డాయనీ వచ్చేవారిని మేము ముందుగా అడిగేది "మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు?" అనే.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు ఇల్లు కొనేటప్పుడు ధర కుదిరాక, ఆఖరి సంతకాలకు ముందు, ఇంటిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరును పెట్టుకుంటారు. ఆయన పైకప్పు, కరెంటు బోర్డు, పైపులు అన్నీ చూసి రిపోర్టు రాసిస్తాడు. అక్కడ ఈ వృత్తి వారికి 1976 నుంచి ఒక సంఘం కూడా ఉంది. చాలామంది రేడాన్ పరీక్ష కూడా చేయిస్తారు. రేడాన్ అనేది నేలలోంచి ఇంట్లోకి వచ్చే వాయువు. రంగు ఉండదు, వాసన ఉండదు, కాని ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు తెస్తుంది.

పుల్లలచెరువులో మనకు దొరికేది తెలిసిన మేస్త్రి, ఊళ్లో కరెంటు పని చేసే అబ్బాయి, మన రెండు కళ్లు. పని చెబితే అవి చాలు. ఇంటి తనిఖీ బైబిలుకు కొత్త కాదు. లేవీయకాండము 14వ అధ్యాయం చూడండి. గోడ మీద పచ్చని, ఎర్రని మచ్చలు కనబడితే యాజకుడు సామాను బయట పెట్టించి, ఇంటిని ఏడు రోజులు మూయించి, మళ్లీ వచ్చి చూడాలి. మచ్చ పాకితే ఆ రాళ్లు ఊడదీయించి, గోడ గీకించాలి. మనమైతే అరగంటలో ఇల్లు చూసి, కాఫీ తాగి, బయానా ఇచ్చి వస్తున్నాం!

అన్నిటికన్నా ముందు నీళ్లు. మన పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ సంగతి అందరూ విన్నదే. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ గురించి 1937లో వైద్య పత్రికలో వచ్చిన తొలి వివరాలు పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలవే. అప్పట్లో ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. రాతి పొరల్లోని ఫ్లోరైడ్ నీటిలో కరిగి బోరులోకి వస్తుంది. చుక్క నీరు చూసినా, రుచి చూసినా తెలియదు. తియ్యగా ఉన్న నీళ్లు మంచివనుకోవడం పొరపాటు. పక్కింటి బోరు మంచిదైతే ఈ ఇంటి బోరూ మంచిదనుకోవడం కూడా పొరపాటే. ఒకే వీధిలో రెండు బోర్లకు, లోతును బట్టీ రాతిని బట్టీ, తేడా ఉంటుంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో, చిగురు కింద తయారవుతున్న శాశ్వత దంతాలే దెబ్బతింటాయి. ఒకసారి వచ్చాక దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీసేస్తుంది, కాని ఫిల్టర్లు సమయానికి మార్చాలి. చంటిబిడ్డ ఉన్న కుటుంబం ఇల్లు కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్ష మానితే, అప్పు తీరిపోయిన తర్వాత కూడా ఆ బిడ్డ దాని ఫలితం మోస్తుంది.

మోటారు ఐదు పది నిమిషాలు వదిలాక, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపండి. గాజు సీసా వద్దు. ఇంటి గుర్తు, తేదీ రాసి అంటించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు. ఎక్కడ ఇవ్వాలో పంచాయతీ కార్యాలయంలో అడగండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా బయానా ఆపండి. బోరుకూ మరుగుదొడ్డి గుంటకూ మధ్య 50 అడుగులైనా ఉందో లేదో అడుగులు వేసి చూడండి. వాస్తు పండితుణ్ణి పిలవని మన సంఘ కుటుంబాల్లో కూడా "వాకిలి తూర్పేనా?" అని అడిగేవాళ్లున్నారు. గుంట ఎటు ఉందని అడిగేవాళ్లు తక్కువ.

తర్వాత ఇల్లు. వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్లండి. అమ్మకానికి ముందు కొత్తగా సున్నం కొట్టిన గోడ బాగానే కనబడుతుంది. బీరువా వెనక, మెట్ల కింద చెయ్యి పెట్టి చూస్తే చెమ్మ దొరుకుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆ బూజు మంచిది కాదు. నాపరాళ్ల మిద్దె అయితే దూలాలను వేలితో కొట్టండి. డొల్ల శబ్దం వస్తే చెదలు తిన్నట్టే. స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వ తుప్పు కనబడితే మేస్త్రిని తీసుకువెళ్లండి. ఆస్‌బెస్టాస్ రేకులుంటే వాటికి రంధ్రాలు వేయించడం, పగలగొట్టించడం చేయవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం.

కరెంటు విషయంలో ఎర్తింగు ఉందా, ప్రమాదంలో కరెంటు ఆపే ట్రిప్ స్విచ్ ఉందా అని చూడండి. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కితే అది వెంటనే పడిపోవాలి. బట్టలు ఆరవేసే ఇనుప తీగ సర్వీసు వైరుకు తగులుతుంటే ఆ రోజే తీయించాలి. తడి బట్టలు ఆరవేస్తూ షాక్ కొట్టి చనిపోయిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఎండాకాలం మిద్దె మీద పడుకునే ఊళ్లు మనవి. పిట్టగోడ లేని మిద్దె చవకగా వచ్చినా దాని ఖర్చు లెక్కలో వేసుకోండి. ద్వితీయోపదేశకాండము 22:8 ఈ సంగతే చెబుతుంది.

అమ్మేవారికి కూడా ఒక మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవారే చెప్పాలి. వేరుగా ఒప్పందం ఉంటే తప్ప ఇది వర్తిస్తుంది. బోరు నీరు అలాంటిదేనని మా అభిప్రాయం. ఇన్నేళ్లూ ఆ నీళ్లు తాగిన మీకు తెలిసినంత కొనేవారికి తెలియదు. నీటి పరీక్ష కాగితం మీరే తీసి ఈసీతో పాటు వారి చేతిలో పెట్టండి. ఫ్లోరైడ్ 1.5 దాటి ఉంటే ఆర్.ఓ. యంత్రం ఖర్చు ధరలో తగ్గించుకుని మాట్లాడుకోవచ్చు.