ముందు బ్రేకు, తర్వాత సైరన్

కొత్త బండి కొనడానికి షోరూంకి వెళ్ళిన మనవాళ్ళు ముందు రంగు చూస్తారు, తర్వాత మైలేజ్ అడుగుతారు. ఆ రెండూ తేలాక సేల్స్ వాళ్ళు ఒక కాగితం ముందు పెడతారు. వేరియంట్లు, యాక్సెసరీ కిట్టు, సైరన్ అలారం, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఇన్సూరెన్స్ అన్నీ అందులో వరసగా ఉంటాయి. "అన్నీ కలిపినా నెలకి రెండొందలే తేడా సార్" అంటారు. ఆలోచించడానికి మనకి దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఒప్పుకున్న కొన్ని విషయాలు బండి ఉన్నన్నాళ్ళూ మార్చలేం.

మొన్న సంక్రాంతికి ముందు మా ఇంట్లో 160 సీసీ బండి కొన్నాం. అమ్మ చీటీ పాడుకున్న 70 వేలు డౌన్ పేమెంట్, మిగతాది లోన్. నేను రోజూ తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి రావాలి. డబ్బులు కొలిచినట్టు ఉన్నాయి కాబట్టి ఆ కాగితం మీదున్న ప్రతి ఐటమ్‌నీ ఒకే ప్రశ్న అడిగాను: దీన్ని తర్వాత పెట్టించుకోవచ్చా, లేదా? వచ్చే ఏడాది బండి కొనబోయే జూనియర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

తర్వాత పెట్టించలేనివి

మొదటిది బ్రేకులు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి. కానీ అందులో రెండు రకాలు ఉన్నాయి. సింగిల్ చానల్ అయితే ముందు చక్రానికే పనిచేస్తుంది. డ్యూయల్ చానల్ అయితే రెండు చక్రాలకీ. చక్రం పక్కన ఉన్న సెన్సర్ వేగాన్ని చదువుతూ ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోతున్నట్టు అనిపిస్తే, బ్రేకు ఆయిల్ ప్రెషర్‌ని సెకనులో చాలాసార్లు వదిలి, మళ్ళీ పట్టిస్తుంది. సింగిల్ చానల్ బండికి వెనక చక్రం మీద ఈ కాపలా లేదు. వాన పడిన రోడ్డు మీద కంగారులో వెనక బ్రేకు గట్టిగా తొక్కితే తోక పక్కకి జారుతుంది.

ఈ తేడాని తర్వాత ఏ మెకానిక్కూ పూడ్చలేడు. మాడ్యులేటర్, కంట్రోల్ యూనిట్, సెన్సర్, వైరింగ్ అన్నీ ఫ్యాక్టరీలోనే కూర్చోవాలి. మేం చూసిన మోడల్‌లో రెండు వేరియంట్ల మధ్య తేడా ఆరు వేలు. యాక్సెసరీ కిట్టు కూడా దాదాపు అంతే. కిట్టు వదిలేసి డ్యూయల్ చానల్ తీసుకున్నాం. "లుక్ రాదు" అని తమ్ముడు రెండు రోజులు అలిగాడు. లుక్ మెల్లగా తెచ్చుకోవచ్చు.

ట్యూబ్‌లెస్ టైర్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. మేకు దిగితే ట్యూబ్ టైరు ఒక్కసారిగా దిగిపోవచ్చు. ట్యూబ్‌లెస్‌లో గాలి చాలావరకు మెల్లగా పోతుంది, పంక్చర్ షాపు దాకా చేరే అవకాశం ఉంటుంది. తర్వాత మార్చాలంటే చాలా బండ్లకి చక్రాలే మార్చాలి.

కిట్టు పేరుతో వచ్చేవి

సీటు కవరు, ట్యాంక్ ప్యాడ్, మొబైల్ హోల్డర్, లెగ్ గార్డ్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు. పోగొట్టుకునేదేమీ లేదు. కానీ బిల్లులో శారీ గార్డుకీ, వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే హ్యాండిల్‌కీ విడిగా డబ్బు వేస్తే ఆగండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం పట్టుకోవడానికి హ్యాండిల్, ఫుట్‌రెస్టులు, వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ బండితో పాటే ఉండాలి. అలాగే బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్‌ని కొనేటప్పుడే తయారీదారు ఇవ్వాలని 138వ నియమంలో ఉంది. గొడవ పడక్కర్లేదు. "అన్నా, ఇది దేనికి వేశారు?" అని ఒక్కో లైన్ అడిగితే చాలు, కొన్ని లైన్లు వాటంతట అవే మాయమవుతాయి.

అలారం ఏం చేస్తుంది, ఏం చేయదు

బయట దొరికే మామూలు అలారంలో ఒక షాక్ సెన్సర్, ఒక సైరన్, ఒక రిమోట్ ఉంటాయి. బండి కదిలితే సెన్సర్ పసిగట్టి సైరన్ మోగిస్తుంది. పెట్టె మీద 115 డెసిబెల్స్ అని ఉందనుకోండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 115 ఉంటే 32 మీటర్ల దగ్గర 85 మిగులుతుంది. హాస్టల్ మూడో అంతస్తులో పడుకున్నవాడికి వినపడడానికి అది సరిపోతుంది. ఫిజిక్స్ వరకూ అలారం పాసే.

ఫెయిలయ్యేది మనుషుల దగ్గర. మా హాస్టల్ పార్కింగ్‌లో రాత్రికి రెండు మూడుసార్లు ఏదో ఒక అలారం మోగుతూనే ఉంటుంది. పిల్లి ఎక్కినా, ఉరిమినా, పక్కన లారీ పోయినా, దీపావళికి బాంబు పేలినా మోగుతుంది. నేను ఫ్రెండ్స్ రూములో పడుకున్న రాత్రుల్లో చూశాను, ఒక్కడూ దుప్పటి తీయడు. "ఎవడిదిరా అది, ఆపండ్రా" అని అరిచి అటు తిరిగి పడుకుంటారు. అందుకే అలారం కొంటే సెన్సర్ సెన్సిటివిటీ తగ్గించుకునే వీలున్నదే కొనండి. కొన్న మొదటి వారంలోనే దాన్ని సరిచేయండి. ఉత్తుత్తినే మోగని అలారం మోగినప్పుడే జనం కిటికీ తీస్తారు.

బ్యాటరీ లెక్క

షోరూంలో ఈ విషయం ఎవరూ చెప్పరు. మన బండ్లలో చాలావాటికి 12 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ చుట్టుపక్కల ఉండే చిన్న బ్యాటరీ ఉంటుంది. కాపలా కాస్తున్న అలారం 10 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుందాం. రోజుకి 0.24 ఆంపియర్ అవర్. అంటే 16, 17 రోజుల్లో బ్యాటరీ మొత్తం ఖాళీ. సగం దిగేసరికే సెల్ఫ్ స్టార్ట్ మొరాయించడం మొదలవుతుంది, అంటే ఎనిమిది రోజులు. బండి కాలేజీలో వదిలి సెలవులకి ఇంటికి వెళ్ళేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ఈ రోజుల్లో చాలా బండ్లకి కిక్ కూడా లేదు.

కొనేముందు "స్టాండ్‌బై కరెంట్ ఎంత?" అని అడగండి. చెప్పలేకపోతే బిగించాక మనమే కొలవచ్చు. ఇంజిన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, మల్టీమీటర్‌ని మధ్యలో సిరీస్‌లో పెట్టాలి. ముందు 10 ఆంపియర్ల రేంజ్, తర్వాతే మిల్లీ ఆంపియర్. మీటరు ఉన్నప్పుడు సెల్ఫ్ నొక్కారో, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఈఈఈ వాళ్ళెవరైనా పక్కనుంటే ఐదు నిమిషాల పని.

ఇంజిన్ ఆపే వైరు

కొన్ని అలారాలు ఇగ్నిషన్ వైరు కత్తిరించి మధ్యలో ఒక రిలే పెడతాయి. అలారం ఆన్‌లో ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాదు. ఐడియా బాగుంది. కానీ అదే రిలే హైవే మీద 70 స్పీడులో చెడిపోతే? కరెంట్ అందితేనే కలిసుండే రకం అయితే, అలారం పాడైన క్షణంలో ఇంజిన్ ఆగిపోతుంది, వెనక లారీ ఉంటుంది. కరెంట్ లేనప్పుడు కలిసుండే నార్మల్లీ క్లోజ్డ్ రకం అయితే అలారం చచ్చిపోయినా బండి నడుస్తుంది. దొంగ కోణంలో రెండోది కొంచెం బలహీనమే, కానీ బండి మీద ఉండేది మనం. రిమోట్‌తో ఇంజిన్ స్టార్ట్ చేసే అలారాలకి నేనైతే దూరం. గేరులో వదిలిన బండి రిమోట్ నొక్కగానే ముందుకి ఉరకవచ్చు. వైరింగ్ కత్తిరిస్తే ఎలక్ట్రికల్ వారంటీ ఉంటుందా లేదా అన్నది కూడా రాతపూర్వకంగా అడగాల్సిన విషయమే.

ఫ్యాక్టరీ నుంచే వచ్చే ఇమ్మొబిలైజర్ ఈ తలనొప్పులు లేకుండా అదే పని చేస్తుంది. తాళంచెవిలో ఒక చిన్న చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట ఉన్న కాయిల్ దానికి శక్తినిస్తుంది, చిప్ తన కోడ్ పంపుతుంది. కోడ్ కలిస్తేనే ఇంజిన్‌కి అనుమతి. స్మార్ట్ కీ బండ్లలో ఈ మాటామంతీ రేడియో ద్వారా జరుగుతుంది. 2023 జనవరిలో వచ్చిన యాక్టివా హెచ్-స్మార్ట్ ఆ కోవదే. మీరు చూస్తున్న మోడల్‌లో ఇలాంటిది ఉంటే అది "తర్వాత పెట్టించలేనివి" లిస్టులోకి వెళ్తుంది. తాళం పోతే ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది, రెండో తాళం ఇంట్లో దాచండి.

జీపీఎస్ ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు. పోయాక ఎక్కడుందో చెబుతుంది. అది కూడా సిమ్ రీచార్జ్ ఉంటేనే.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందంటే

మా క్లాస్‌మేట్ బండి కొన్న 14వ నెలలో పోయింది. అద్దె ఇంటి ముందు రాత్రి పెట్టింది తెల్లారేసరికి లేదు. ఇన్సూరెన్స్ కాగితం మీద ఐదేళ్ళు అని ఉంది కదా అని ధైర్యంగా వెళ్ళాడు. రూపాయి రాలేదు. కారణం ఇది: 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది మన బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి మాత్రమే. దొంగతనం కవరయ్యేది ఓన్ డ్యామేజ్ భాగంలో, దాన్ని చాలామంది మొదటి ఏడాదికే తీసుకుంటారు. ఏడాది దాటాక వాడు రెన్యువల్ చేయించలేదు. ఇప్పుడు లేని బండికి ప్రతి నెలా ఈఎంఐ కడుతూ కాలేజీకి బస్సులో వస్తున్నాడు.

కాబట్టి ఓన్ డ్యామేజ్ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. పాలసీ షోరూంలోనే తీసుకోవాలన్న రూలు లేదు, బయట రేటు కూడా కనుక్కోండి. బండి విలువ ఏడాది దాటితే ఇన్సూరెన్స్ లెక్కలో 20 శాతం తగ్గించి చూస్తారు. రెండేళ్ళు దాటితే 30 శాతం. క్లెయిమ్ చేస్తే ఎఫ్ఐఆర్‌తో పాటు రెండు తాళాలూ అడుగుతారు.

మేం చివరికి ఏం చేశాం

డ్యూయల్ చానల్ వేరియంట్, మంచి హెల్మెట్, ఓన్ డ్యామేజ్ ఇన్సూరెన్స్. సెక్యూరిటీకి అలారం ఉన్న డిస్క్ లాక్ ఒకటి కొన్నాం. దాని బ్యాటరీ దానిదే, బండి వైరింగ్ ముట్టుకోదు. లాక్ తీయకుండా బండి కదిలిస్తే డిస్క్ దెబ్బతింటుంది కాబట్టి హ్యాండిల్‌కి కనపడేలా ఒక రంగు తాడు కట్టాను. రాత్రి బండిని అరుగు పక్కన, లైటు కింద పెడుతున్నాం. అమ్మ చీటీ ఇంకా పది నెలలు కట్టాలి, లోన్ ఇంకా 24 నెలలుంది. అప్పటిదాకా బండీ ఉండాలి, దాని మీద నేనూ ఉండాలి. తమ్ముడి ట్యాంక్ ప్యాడ్ సంగతి వచ్చే దసరాకి చూద్దాం.