లాప్‌టాప్ పాట మైదానం చివరిదాకా ఎలా వెళ్తుంది?

పిల్లలూ! ఒక ఉదయం ప్రార్థనా సమావేశంలో లాప్‌టాప్‌లోని పాట వినిపిద్దామనుకున్నాం. మైకు పెట్టే రంధ్రం ఖాళీగా కనిపిస్తే తీగ అందులోనే గుచ్చాం. పాటకు బదులు బొంగురు కేక వచ్చింది. వరసల్లో నిలబడ్డవాళ్ళంతా చెవులు మూసుకున్నారు. తప్పెక్కడ జరిగిందో చూద్దాం.

మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టుల సంకేతం మాత్రమే. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి సుమారు 1 వోల్టు దాకా వస్తుంది. అంటే వందల రెట్లు ఎక్కువ! అంత సంకేతం మైకు దారిలో పట్టదు. ధ్వని తరంగాల తలలు తెగిపోతాయి. ఆ బొంగురుకు కారణం అదే. లాప్‌టాప్ తీగను యాంప్లిఫయర్ వెనక 'ఆక్స్' అని రాసి ఉన్నచోట కలపాలి.

ఆ 1 వోల్టు చెవిలోని హెడ్‌ఫోన్‌కు చాలు, మైదానంలోని హారన్‌కు చాలదు. దాన్ని పెంచేది యాంప్లిఫయర్. అయితే ఆ శక్తి లాప్‌టాప్‌ది కాదు, గోడ ప్లగ్గు నుంచి వచ్చేది. చెరువు తూము తలుపు ఎత్తే చేయి చిన్నదే, పారే నీరంతా చెరువుది. లాప్‌టాప్ సంకేతం ఆ చేయిలాంటిది.

హారన్లు దూరంగా ఉంటే ఇంకో చిక్కు. 20 వాట్ల శక్తిని 8 ఓముల స్పీకరుకు నేరుగా పంపితే తీగలో దాదాపు 1.6 ఆంపియర్ల కరెంటు పారుతుంది. పొడవైన తీగ వేడెక్కి శక్తి దారిలోనే ఖర్చవుతుంది. అందుకే చాలా మైకుసెట్లలో ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజిని 100 దాకా పెంచుతారు. అప్పుడు అదే 20 వాట్లకు 0.2 ఆంపియర్లు చాలు. కరెంటు 8 వంతులలో ఒక వంతయితే తీగలో నష్టం 64 వంతులలో ఒక వంతవుతుంది. హారన్ దగ్గరున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మళ్ళీ తగ్గిస్తుంది. ఊళ్ళకు కరెంటు తెచ్చే పెద్ద లైన్లదీ ఇదే కిటుకు.

ఒక్క జాగ్రత్త. పాట తీగే కదా అని హారన్ తీగను ముట్టుకోకండి. 100 వోల్టులు షాక్ కొడతాయి. ఏది కలపాలన్నా ముందు స్విచ్ ఆపి, పెద్దల్ని పిలవండి.

మనకు బదిలీలు మామూలే. రేపు ఏ ఊరి బడిలో చేరినా మైకుసెట్టు వెనక ఒకసారి చూడండి. 'మైక్', 'ఆక్స్', '100 వోల్టులు' అనే గుర్తులు పాత స్నేహితుల్లా పలకరిస్తాయి. ఆ ఉదయం పాట చివరి వరసలో కొత్తగా చేరిన పిల్లవాడికి కూడా స్పష్టంగా వినిపిస్తుంది.