తెర చినిగిన తరువాత గుడి

క్రైస్తవ విశ్వాసంలో దేవాలయం అనే భావన యెరూషలేములో మొదలవుతుంది. సొలొమోను కట్టించిన మందిరాన్ని క్రీ.పూ. 586లో బబులోను సేనలు నేలమట్టం చేయగా, చెర నుండి తిరిగివచ్చిన యూదులు అక్కడే మరొక మందిరాన్ని నిర్మించుకొన్నారు. హేరోదు రాజు విస్తరింపజేసిన ఆ రెండవ మందిరంలోనే యేసు బోధించాడు. అక్కడి పవిత్రత మెట్లుమెట్లుగా ఉండేది. అన్యజనులకు, అనగా యూదులు కానివారికి, వెలుపలి ఆవరణం. దాని లోపల స్త్రీలది, ఆపైన పురుషులది, ఆపైన బలులర్పించే యాజకులది. అన్నిటికీ లోపల, ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్క రోజు మాత్రమే ప్రవేశించే అతిపరిశుద్ధ స్థలం. హద్దు దాటిన అన్యుడికి మరణం తప్పదని గ్రీకు భాషలో చెక్కిన రాతిపలక 1871లో యెరూషలేములో బయటపడింది. అది నేడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

యేసు సిలువపై ప్రాణం విడిచినప్పుడు అతిపరిశుద్ధ స్థలం ముందరి తెర పైనుండి కిందికి చినిగిందని సువార్తలు చెబుతున్నాయి. దేవుని ఆలయమంటే విశ్వాసుల సంఘమేనని, విశ్వాసి దేహమేనని పౌలు రాశాడు. క్రీ.శ. 70లో రోమనులు మందిరాన్నే కూల్చివేశారు. తొలి క్రైస్తవులు చాలాకాలం ఇళ్లలోనే ఆరాధించారు.

తెరకు, హద్దుకు సంబంధించిన ఈ కథ తెలుగునాట అందరికంటే ముందు అర్థమైనది ఊరి గుడిలోకి అడుగుపెట్టనివ్వని మాల, మాదిగ పల్లెలకే అనడం అతిశయోక్తి కాదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం, అనగా క్రైస్తవ దీక్షాస్నానం, పొందినప్పుడు వారిలో అత్యధికులు మాదిగలు. మద్రాసు రాష్ట్రంలో దళితులకు హిందూ దేవాలయ ప్రవేశాన్ని హక్కుగా గుర్తించిన చట్టం 1947లో గాని రాలేదు. దేవుడు గోడల్లో ఉండడని బోధించే మతంలోకి వచ్చినవారు తమకంటూ ఒక గుడి కట్టుకోవాలని ఎందుకు అంతగా ఆరాటపడ్డారో దీన్నిబట్టి తెలుస్తుంది. వంట పొయ్యి మీద పెట్టే ముందు ఇల్లాలు పక్కకు తీసి దాచే పిడికెడు బియ్యమే ఎన్నో పల్లె సంఘాలను పోషించింది.

అల్లూరి సీతారామరాజును కొయ్యూరు ప్రాంతంలో బ్రిటిషువారు కాల్చి చంపిన 1924 సంవత్సరంలోనే, డిసెంబరు 25న, మెదక్‌లో ఆంగ్లేయ గోతిక్ శైలి చర్చి ప్రతిష్ఠ జరిగింది. అటువంటి శిఖరాలు దొరల మతానికి గుర్తులుగా కనిపించడంలో వింత లేదు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య దీనికి డోర్నకల్‌లో జవాబు కట్టించాడు. ఏళ్ల తరబడి సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన ఆ కెథెడ్రల్‌లో, అనగా బిషప్పు పీఠమున్న ప్రధాన దేవాలయంలో, దక్షిణాది కోవెల స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు, సిలువ ఒకే కప్పు కింద చేరాయి. మెదక్ చర్చి ఎత్తు చూసి నోరు తెరిచేవారే ఎక్కువ, కాని ఆలోచనలో డోర్నకల్ దానికంటే పెద్దది.

నిత్యజీవితంలో పవిత్రత చిన్న పనులలో కనిపిస్తుంది. మన్యంలో రేకుల కప్పు ప్రార్థనా మందిరమైనా, పట్నంలో రాతి చర్చి అయినా, చాలాచోట్ల చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు, స్త్రీలు ముసుగు వేసుకొంటారు, స్త్రీపురుషులు వేర్వేరు వైపుల కూర్చుంటారు. కతోలిక దేవాలయంలో క్రీస్తు దేహంగా నమ్మే సత్ప్రసాదాన్ని ఉంచే పేటిక దగ్గర దీపం ఆరకుండా వెలుగుతుంది. కొత్త గుడిని ప్రతిష్ఠించేటప్పుడు బిషప్పు బలిపీఠాన్ని పరిమళ తైలంతో అభిషేకిస్తారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో స్థలం కంటే వాక్యోపదేశానికే పెద్దపీట. అయినా అక్కడి విశ్వాసి సైతం గుమ్మం దగ్గర గొంతు తగ్గిస్తాడు.

ఇంతటి చరిత్ర తరువాత కూడా మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి ఉన్న ఊళ్లు తెలుగునాట ఉన్నాయి. పాతబడిన అలవాటని సంఘ పెద్దలు దీన్ని సర్దిచెప్పవచ్చు గాని, తెర చినిగిందని నమ్మే మతంలో ఈ ఏర్పాటుకు ఏ ఆధారమూ లేదు.