మితవ్యయంతో ఆటల కంప్యూటరు: విడిభాగాల ఎంపిక

అమెరికాలోని తెలుగు ఇండ్లలో హైస్కూలు చదివే పిల్లలు కొందరు ఆటల కంప్యూటరును తయారైనది కొనక, విడిభాగాలు తెప్పించి ఇంటివద్దనే కూర్చుకుంటున్నారు. భాగాల పట్టిక వ్రాసి, అడుగున వెయ్యి డాలర్ల మొత్తం వేసి తల్లిదండ్రుల ముందుంచుతారు. సరిగా వెచ్చిస్తే ఆ సొమ్ము ఐదారేండ్లు అక్కరకు వస్తుంది. లేకున్న రెండవ ఏటనే మళ్ళీ ఖర్చు తప్పదు. ఆ పట్టికను పరీక్షించడానికి అందలి ప్రతి అంకెకూ అర్థం తెలియనక్కరలేదు. ఏ భాగం దేనిపై ఆధారపడి ఉన్నదో తెలిస్తే చాలు.

పరిశీలన తెరతో ఆరంభించాలి. చాలా పట్టికలలో దాని ఊసే ఉండదు, కాని తక్కిన ఖర్చును నిర్ణయించేది అదే. సామాన్యమైన తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 వంతున 20,73,600 చుక్కలుంటాయి. వీటినే పిక్సెళ్ళంటారు. 2560, 1440 కొలతల తెరపై 36,86,400. 4కె తెరపై 82,94,400, అనగా మొదటిదానికి సరిగ్గా నాలుగు రెట్లు. కదలిక సాఫీగా కనిపించాలంటే సెకనుకు 60 చిత్రాలైనా మారాలి. కనుక మొదటి తెరకు సెకనుకు 12 కోట్లకు పైగా, 4కె తెరకు దాదాపు 50 కోట్ల చుక్కలకు రంగు నిర్ణయించవలసి ఉంటుంది. ఈ చాకిరీ అంతా గ్రాఫిక్స్ కార్డుది. వెయ్యి డాలర్లలో 4కె కోరడం అత్యాశ. అలాగే మొదటి రకం తెర గల ఇంటికి ఖరీదైన కార్డు దండుగ.

ఆటలో శత్రువు ఎటు కదలాలో, తగిలిన దెబ్బకు గోడ ఎలా కూలాలో లెక్కించేది ప్రోసెసరు. ఆ లెక్కను అందుకొని చిత్రం గీసేది గ్రాఫిక్స్ కార్డు. పెండ్లి విందులో గాడిపొయ్యి మీద వంట ఎంత చురుకుగా సాగినా వడ్డించేవారు ఇద్దరే అయితే పంక్తి లేవదు. వడ్డనకు ఇరవైమంది నిలిచినా వంట కాకుంటే ఫలితం అదే. అత్యంత ఖరీదైన ప్రోసెసరు, చౌకబారు కార్డు ఒకే పట్టికలో కనిపిస్తే జరగబోయేదీ ఇదే. ఆరు కోర్ల ప్రోసెసరుతో సరిపెట్టుకొని, మొత్తంలో మూడవ వంతుకు తగ్గకుండా కార్డుకు కేటాయించడం మేలు.

కార్డు పేరు చూసి మోసపోరాదు. 2023లో ఎన్విడియా సంస్థ ఆర్‌టిఎక్స్ 4060 టి అనే ఒకే పేరుతో 8 గిగాబైట్ల మెమరీ గలది ఒకటి, 16 గిగాబైట్లది ఒకటి విడుదల చేసింది. మెమరీ చాలకపోతే ఆట నడుమ చిత్రం కుదుపులకు లోనవుతుంది. దీనిని తర్వాత పెంచుకొనే వీలు లేదు.

మదర్‌బోర్డు విషయంలో చూడవలసినది ప్రోసెసరు కూర్చునే సాకెట్. ఏఎండి సంస్థ ఎఎం4 సాకెట్‌కు 2017లో రైజెన్ ప్రోసెసర్లు తెచ్చింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్‌3డి కూడా అందులోనే అమరింది. పాత బోర్డులు వాడుతున్నవారిలో అనేకులు బోర్డు మార్చకుండా ప్రోసెసరు ఒక్కటే మార్చుకోగలిగారు. 2022లోనే వచ్చిన ఎఎం5కు డిడిఆర్5 మెమరీ తప్పనిసరి. పాత కంప్యూటరులోని డిడిఆర్4 పలకలు అందులో పట్టవు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన మెమరీ ధరలు బాగా పెరిగాయి కనుక, ఈ తేడా జేబుకు తెలుస్తుంది. 16 గిగాబైట్లు కొనేటప్పుడు ఒకే పలకగా గాక రెండు 8 పలకలుగా తీసుకుంటే ప్రోసెసరుకు రెండు దారుల్లో సమాచారం అందుతుంది.

నిల్వకు ఒక టెరాబైట్ ఎస్‌ఎస్‌డి చాలు. పెట్టెలోని రంగుదీపాలు ఒక్క చిత్రాన్ని కూడా అదనంగా గీయవు. గాలి ఆడే పెట్టె కావాలి, అంతే.

పిల్లలు తరచుగా కోత విధించేది పవర్ సప్లైకి. అది తగదు. ప్రతి భాగానికీ విద్యుత్తు దాని గుండానే పోతుంది. నాసిరకంది చెడినప్పుడు తనతోపాటు వేరొకదానిని కూడా పాడుచేయవచ్చు. పైనున్న 80 ప్లస్ ముద్ర విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే గాని, లోపలి భాగాల మన్నికకు హామీ కాదు. 160 వాట్ల కార్డు గల కంప్యూటరుకు పేరున్న సంస్థ చేసిన 550 వాట్లది సరిపోతుంది. ఒక పవర్ సప్లై తీగలను మరొకదానికి తగిలించరాదు. కొస సరిగా అమరినా లోపలి వరుస వేరై ఉండవచ్చు, డిస్కులు కాలిపోతాయి.

ఈ కంప్యూటరును ఎప్పుడైనా హైదరాబాదుకో విజయవాడకో తీసుకుపోదలచిన కుటుంబాలు మరొకటి గమనించాలి. అమెరికాలో ఇంటి విద్యుత్తు 120 వోల్టులు, భారతదేశంలో 230. మంచి పవర్ సప్లై 100 నుండి 240 వోల్టుల వరకు తనంతట తానే సర్దుకుంటుంది; ప్లగ్గు తీగ మారిస్తే చాలు. కొన్ని చౌకరకాలకు వెనుక 115, 230 అని వ్రాసిన చిన్న మీట ఉంటుంది. అది 115 మీద ఉండగా అక్కడి ప్లగ్గులో పెడితే, స్విచ్ వేసిన క్షణంలోనే పవర్ సప్లై కాలిపోతుంది.