ఎనుబది వేగమున ఎఱుకపడు గుణదోషములు

మఠంపల్లి నుండి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పోయి, అచ్చట హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి నెక్కి, సూర్యాపేట దాటి రాజధాని చేరు మార్గము మోటారు సైకిలునకు సమగ్రమైన పరీక్షాస్థలము. సున్నపురాతి నేలలపై వెలసిన సిమెంటు కర్మాగారములకు రాకపోకలు సాగించు లారీలచే నలిగి ధూళి గ్రమ్మిన రోడ్డు అందు మొదటి ఘట్టము; నాగార్జునసాగరపు ఎడమ కాలువ క్రింద పండిన వడ్లను కోతల కాలమున రోడ్డునకు ఒక ప్రక్క ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చి, ప్రొద్దు గ్రుంకగానే పట్టాలు కప్పు పల్లెదారి రెండవది; గంటలకొలది ఒకే వేగమున, ఒకే ఆసనమున సాగవలసిన నాలుగు వరుసల రహదారి మూడవది; హయత్‌నగర్ మొదలుకొని అడుగడుగునకు ఆగుచు జరుగవలసిన నగరపు రద్దీ నాలుగవది. ఈ నాలుగింటిని ఒక్క పూటలో దాటవలసిన బండి, వానిలో ఏ ఒక్కదానికై నిర్మింపబడినను, తక్కిన మూడింటియందు ఏదో యొక లోపము చూపక మానదు. షోరూము ముందర పది నిమిషములు నడిపి చూచినవానికి ఆ లోపములలో ఒక్కటియు కానరాదు.

వేగమే పరమార్థముగా గల పందెపు బండ్లకును, సుఖమే పరమార్థముగా గల బరువైన యాత్రావాహనములకును నడుమ నిలిచినవి స్పోర్ట్ టూరింగు మోటారు సైకిళ్లు. పందెపు బండిపై రౌతు టాంకుమీదికి వంగి మణికట్లపై దేహభారము మోపును. స్పోర్ట్ టూరింగు బండియందు హ్యాండిలు కొంత ఎత్తుగను, కాళ్లు మోపు కడ్డీలు కొంత ముందునకును జరుపబడి, నడుము నిటారునకు దగ్గఱగా నిలుచును. గాలి నడ్డగించు ఫెయిరింగు, వెనుక నొకరికి చోటు, సామాను కట్టుటకు ఆధారము, మలుపులలో తడబడని చట్రము — ఇవి ఈ జాతి లక్షణములు. 1976లో జర్మనీయందలి బి.ఎం.డబ్ల్యు. సంస్థవారు, ఇటలీలోని పినిన్‌ఫరీనా వారి వాయుసొరంగమున పరీక్షించి తీర్చిన సంపూర్ణమైన ఫెయిరింగుతో ఆర్ 100 ఆర్‌ఎస్ అను బండిని వెలువరించుటతో ఈ జాతికి స్పష్టమైన రూపమేర్పడినదని పలువురు భావింతురు. అటుపిమ్మట 1990లో హోండా వారి ఎస్‌టీ 1100, 2001లో యమహా వారి ఎఫ్‌జేఆర్ 1300 ఆ మార్గమున ప్రసిద్ధి కెక్కినవి. ఇంతటి పెద్ద సంస్థల బండ్లు సయితము దోషరహితములు కావు. ఎఫ్‌జేఆర్ ఇంజను వేడి రౌతు కాళ్లకు తగులుచున్నదని ఫిర్యాదులు రాగా, 2006లో సవరించిన రూపమున, ఫెయిరింగు ప్రక్కపలకలను కొంత వెలుపలికి జరిపి వేడిగాలిని దూరముగా మరలించు ఏర్పాటు చేయవలసివచ్చినది.

మన దేశమున సామాన్యునికి అందుబాటులో ఈ కోవకు చెందిన బండి 2003లో హీరో హోండా కరిజ్మా రూపమున వచ్చినది. 223 సి.సి. ఇంజను, 15 లీటర్ల టాంకు గల ఆ బండి తెలుగు జిల్లాల యువకులకు దూరప్రయాణమన్న ఊహను కల్పించినది. 2007లో బజాజ్ పల్సర్ 220, 2011లో హోండా సీబీఆర్ 250ఆర్, 2016 డిసెంబరులో బజాజ్ డామినార్ 400, 2017 డిసెంబరులో టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310, 2019లో సుజుకి జిక్సర్ ఎస్‌ఎఫ్ 250, 2023లో 210 సి.సి. ఇంజనుతో కరిజ్మా ఎక్స్‌ఎంఆర్ క్రమముగా వచ్చినవి. వీనిని పోల్చువారు సాధారణముగా అశ్వశక్తిని, అత్యధిక వేగమును పట్టికగా వ్రాసి, పెద్ద అంకె గలదానికి పట్టము కట్టుదురు. కాని 2018 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారము నాలుగు వరుసల రహదారిపై ద్విచక్రవాహనమునకు అనుమతింపబడిన గరిష్ఠ వేగము గంటకు 80 కిలోమీటర్లు మాత్రమే. నూటయేబది కందుకొనగల బండియైనను కోదాడ నుండి హైదరాబాదు వఱకు న్యాయముగా సాగవలసినది ఆ ఎనుబదిలోపుననే. కనుక ఆ వేగమున, గంటల తరబడి, బండి ఎట్లుండును అనునదే మన పోలికకు సరియైన గీటురాయి.

మొదట గాలిని చూతము. గాలి యొత్తిడి వేగముతోబాటుగా గాక వేగపు వర్గముతో పెరుగును. నలువది వేగమున రొమ్మునకు తాకిన గాలి ఎనుబదియందు నాలుగింతలై తాకును. ఫెయిరింగు, దాని పైనున్న అద్దము ఈ బలమును తప్పించును గాని, అద్దపు అంచు విడిచిన గాలి సుడులు సుడులుగా చీలి, రౌతు ఎత్తును బట్టి అతని గొంతునకో, భుజములకో, హెల్మెటునకో కొట్టుకొనును. అందుచేతనే పొట్టివానికి హాయినిచ్చు అద్దము పొడవరికి శిరోభారమగును. అద్దమును పెంచినచో అన్నివేళల మేలు కలుగదు, ఒక్కొక్కప్పుడు తగ్గించినచో గాలి సుడి లేక నేరుగా వచ్చి తల కుదురుగా నిలుచును. ఫెయిరింగు ప్రక్కభాగములు విశాలమైనకొలది అడ్డగాలికి బండి ఒరగును. మిర్యాలగూడ నుండి పల్నాటికి పోవుచు వాడపల్లి వద్ద కృష్ణ దాటు వంతెనపై, ఎదురుగా లారీ వచ్చి పోయిన క్షణమున, ఈ సంగతి అనుభవమునకు వచ్చును.

రెండవది కంపనము, మనవారు వైబ్రేషన్ అని చెప్పుకొనునది. కరిజ్మా మొదలుకొని పైని పేర్కొన్న మన దేశపు బండ్లన్నియు ఏకసిలిండరు యంత్రములే. ఒకే పిస్టను పైకి క్రిందికి విసురుగా కదలునపుడు పుట్టు అదురును సమతూక దండము కొంతవఱకు అణచును. మిగిలినది ఏదో యొక వేగమున హ్యాండిలు యొక్క సహజకంపనముతో కలిసి విజృంభించును. అది అఱువదిలోనో, నూటపదిలోనో సంభవించినచో మనకు బాధ లేదు. సరిగా ఎనుబదియందు సంభవించినచో నార్కట్‌పల్లి చేరులోపల వ్రేళ్లు మొద్దుబాఱును. అపాచీ ఆర్‌ఆర్ 310 తొలినాళ్లలో పరీక్షకులు ఎక్కువగా చెప్పిన లోపమిదియే. హ్యాండిలు కొనలకు బరువులు బిగించుట, మందమైన రబ్బరు గ్రిప్పులు తొడుగుట, ముందరి పండ్లచక్రము మార్చి అదే వేగమున ఇంజను తిరుగుడు తగ్గించుట దీనికి చికిత్సలు. కడపటిదానివలన పికప్ కొంత తగ్గునని మఱువరాదు. రెండు సిలిండర్ల ఇంజను ఈ బాధను చాలవఱకు తీర్చును గాని ధరను, బరువును పెంచును.

మూడవది వేడి. నీటితో చల్లబడు ఇంజను రహదారిపై ముచ్చటగా నడచును, ఎల్.బి.నగర్ కూడలిలో నిలిచినపుడు రేడియేటరు వెనుక ఫ్యాను తిరిగి, ఆ ఉష్ణమునంతయు మోకాళ్లక్రింద క్రుమ్మరించును. వైశాఖమాసపు మధ్యాహ్నమున, వెలుపలి ఎండయే నలువదియైదు డిగ్రీలను సమీపించునపుడు, ఇది సామాన్యమైన బాధ కాదు. జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 యందు రేడియేటరు నీరు లేక ఇంజను నూనెయే చల్లబఱచు పని చేయును. నిర్మాణము తేలిక, బరువు 161 కిలోలు మాత్రమే. శక్తి మాత్రము డామినార్ కన్న చాల తక్కువ. ఒకదాని గుణమును కోరినపుడు దాని నీడగా వచ్చు దోషమును కూడ అంగీకరింపవలసినదే.

టాంకు విషయము మఱింత ఆలోచింపదగినది. 2003 నాటి కరిజ్మాకు 15 లీటర్లు పట్టగా, ఇరువది సంవత్సరముల తరువాత అదే పేరుతో, పదునేడునకు బదులు ఇరువదియైదుకు పైబడిన అశ్వశక్తితో వచ్చిన ఎక్స్‌ఎంఆర్‌నకు 11 లీటర్లే పట్టును. లీటరునకు 35 కిలోమీటర్ల మైలేజీ చొప్పున లెక్కించినచో మొదటిది 525, రెండవది 385 కిలోమీటర్లు పోగలవు. మఠంపల్లి నుండి హైదరాబాదునకు పోయివచ్చు దూరము ఇంచుమించు నాలుగువందలు. మొదటిది ఒక్కసారి నింపిన పెట్రోలుతో ఇల్లు చేరును. రెండవది త్రోవలో ఎచ్చటనో ఆగితీరవలెను. జాతీయ రహదారిపై బంకులకు కొఱత లేదు గనుక పగటివేళ ఇది దోషమే కాదు. అర్ధరాత్రి కాలువగట్టు దారులలో రిజర్వు దీపము వెలిగినపుడు మాత్రము నాలుగు లీటర్ల విలువ తెలియును.

ఇక పట్టికలలో చోటు దక్కని చిన్నచిన్న లోపములు కొన్ని గలవు. వెనుక సీటు మెట్టువలె ఎత్తుగా నుండుటచే, మట్టపల్లి నరసింహస్వామి దర్శనమునకు చీరకట్టుతో బయలుదేరిన ఇల్లాలు ఎక్కుటకే శ్రమపడవలెను. కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 123వ నియమము వెనుక కూర్చుండువారికి పట్టుకొను పిడి, కాళ్లు మోపు ఆధారము, వెనుకచక్రమును సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణ ఉండవలెనని శాసించుచున్నది. అందము చెడునని చీర గార్డు ఊడదీయించువారు తమ ఇంటివారి ప్రాణముతో ఆడుచున్నారు. సైడు స్టాండు పాదము చిన్నదైనచో వానకు నానిన నల్లరేగడిలో దిగబడి బండి పడిపోవును. చిన్న ఇనుపరేకు వెల్డింగు చేయించినచో తీరిపోవును. అద్దములలో వెనుక వచ్చు లారీకి బదులు మన మోచేతులే కనబడుట మఱియొకటి, కాడలు పొడిగించుకొనవచ్చును. సిమెంటు ధూళి చైను నూనెతో కలిసినపుడు ఆకురాయివలె గొలుసును అరగదీయును. మఠంపల్లి ప్రాంతమువారు పుస్తకములో చెప్పిన గడువునకు ముందే కిరసనాయిలుతో కడిగి క్రొత్త నూనె వేయవలెను. రబ్బరు వలయములు గల చైనునకు పెట్రోలు తగిలింపరాదు.

లోపములు గల బండి దూరము పోలేదనుకొనుట భ్రమ. 2018లో జయభారతి మొదలగు హైదరాబాదు మహిళలు నలుగురు తెలంగాణ పర్యాటకశాఖ తోడ్పాటుతో డామినార్ 400 బండ్లపై బయలుదేరి, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాములను చుట్టి, దాదాపు 17,000 కిలోమీటర్ల యాత్ర సాగించిరి. వారిలో నొకరగు పియా బహదూర్ ఆ యాత్రను పుస్తకముగా వెలువరించినారు. ఆ బండి 182 కిలోల బరువైనదనియు, సూచికలలో కొన్ని టాంకుపై నుండుటచే చూపును రోడ్డుమీదనుండి దింపవలసివచ్చుననియు ఆనాటి సమీక్షలలో విమర్శలు వెలువడినవి. రద్దీలో శ్రమపెట్టు ఆ బరువే తెఱపిరోడ్డుపై, ప్రక్కగా బస్సు దూసుకొనిపోవునపుడు, బండిని చలింపకుండ నిలుపును. 2021లో అదే బండికి గాలి నడ్డగించు పొడవైన అద్దము, సామాను స్టాండు, చేతులకు గాలి మఱుగులు, ఫోనునకు విద్యుత్తు నిచ్చు కొన కర్మాగారమునందే అమర్చి ఇచ్చుట ఆరంభమైనది. అంతకుముందు యాత్రికులు తామే కొని తగిలించుకొనుచుండిన వస్తువులివి.

కావున దోషములను మూడు తరగతులుగా విభజించుకొనుట వివేకము. గాలి సుడి, గట్టి సీటు, చిన్న అద్దములు, దిగబడు స్టాండు మొదటి తరగతి; కొలది ధనముతో తీరునవి. చిన్న టాంకు, కాళ్లకు తగులు వేడి, ఎత్తైన సీటు రెండవ తరగతి. ఇవి బండితో పుట్టినవి, ఓర్చుకొనలేనివారు ఆ బండిని కొనకుండుటయే మందు. బ్రేకు పట్టు తప్పుట, వేగమున హ్యాండిలు ఊగుట, నడుమ ఇంజను ఆగిపోవుట, పెట్రోలు కారుట, వెనుక దీపమైన లేని ట్రాక్టరును దూరమునుండి చూపలేనంత మసకయైన హెడ్‌లైటు మూడవ తరగతి. వీనిని అలవాటు చేసికొనరాదు. 2019 ఏప్రిలు నుండి 125 సి.సి. దాటిన ప్రతి క్రొత్త బండికిని ఏబీఎస్ తప్పనిసరియైనది. అదే సంవత్సరపు మోటారు వాహనముల సవరణ చట్టములోని 110ఏ సెక్షను ప్రమాదకరమైన లోపముగల వాహనములను తయారీదారు వెనుకకు రప్పించునట్లు ఆజ్ఞాపించు అధికారమును ప్రభుత్వమున కిచ్చినది. హెడ్‌లైటు చాలదని కన్నులు మిరుమిట్లు గొలుపు దీపములు బిగించువారు తమ దోషమును ఎదుటివాని కంటిలోనికి మార్చుచున్నారే గాని తీర్చుట లేదు.

రెండు బండ్ల నడుమ మనస్సు ఊగులాడువారు క్రొత్తబండిని గాక, ఇరువదివేల కిలోమీటర్లు తిరిగిన బండిని అడిగి తెచ్చుకొని, వెనుక నొకరిని కూర్చుండబెట్టుకొని, సూర్యాపేట వఱకు గంటసేపు ఎనుబది వేగమున నడిపి చూడవలెను. కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఆ బండికి సర్వీసింగు చేయు మెకానిక్కును ఏ భాగము ముందుగా అరుగును, అది ఎన్ని దినములకు దొరకును అని అడుగవలెను. సర్వీసు కేంద్రము ఎంత దూరమున నున్నదనునది కూడ బండి లక్షణమే. ఇట్లు తెలిసిన రెండు బండ్ల దోషములను పట్టికలుగా వ్రాసి ప్రక్కప్రక్కన పెట్టుకొని, మూడవ తరగతిది ఒక్కటి కనబడినను ఆ బండిని విడిచి, మిగిలినవానిలో తన దారికి, తన దేహమునకు, తన ఇంటివారికి తక్కువ బాధ కలిగించుదానిని ఎన్నుకొన్నవాడు, పదియేను అశ్వశక్తులు తక్కువ గలదానిని కొన్నను నష్టపోవడు.