కోడింగ్ రాకపోయినా కస్టమర్ల లిస్ట్ నింపేయొచ్చు.. ఈ ఒక్క తప్పు చేస్తే క్రెడిట్స్ ఖాళీ!

గూగుల్ షీట్‌లో కస్టమర్ల ఈమెయిల్స్ మాత్రమే ఉన్నాయా? వాళ్ల కంపెనీ, హోదా ఒక్కొక్కటీ వెతికి టైప్ చేయక్కర్లేదు. జాపియర్ లాంటి నో-కోడ్ టూల్‌తో ఆ షీట్‌ను అపోలో, హంటర్ వంటి లీడ్ ఎన్‌రిచ్‌మెంట్ సర్వీస్‌కు కలపొచ్చు. షీట్‌లో కొత్త వరుస చేరగానే ఈమెయిల్ అక్కడికి వెళ్తుంది. దొరికిన వివరాలు తిరిగి అదే వరుసలో పడతాయి.

అసలు జాగ్రత్త ఇక్కడే. ట్రిగ్గర్‌గా ‘న్యూ స్ప్రెడ్‌షీట్ రో’నే ఎంచుకోండి. ‘న్యూ ఆర్ అప్‌డేటెడ్’ పెడితే, వివరాలు నిండడాన్ని కూడా కొత్త మార్పు అనుకుని మళ్లీ మళ్లీ రన్ అయ్యే ప్రమాదం ఉంది. డబ్బు పెట్టి కొన్న క్రెడిట్స్ కరిగిపోతాయి. ముందు రెండు వరుసలతో టెస్ట్ చేసి చూడండి.

మరో మాట.. లిస్ట్ మీదే అయినా, అందులోని వివరాలు కస్టమర్లవి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో సమ్మతే కీలకం. దేనికి వాడతారో ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే కనెక్ట్ చేయండి.