ధాన్యం పేరు పెట్టుకొన్న పల్లె

గలిలీ సరస్సు దక్షిణపు అంచున, జోర్డాన్ నది వెలువడి దిగువకు సాగే చోట, దెగానియా అనే చిన్న ఊరున్నది. ఆ సరస్సును యూదులు కిన్నెరెత్ అంటారు. కిన్నోర్ అనే తంత్రీవాద్యాన్ని బట్టి ఆ పేరు వచ్చినదని వారి సంప్రదాయం. మన కిన్నెరను తలపించే ఆ మాట తెలుగు చెవికి ఇంపుగానే ఉంటుంది. ఊరి పేరుకు మూలం 'దగాన్', అనగా ధాన్యం. 'కిబ్బుట్జ్' అని లోకమెరిగిన సమష్టి గ్రామాలలో ఇదే తొలిచూలు.

ఈ ఊరు పుట్టేనాటికి ఇజ్రాయేలు రాజ్యం లేదు. పాలస్తీనా తురుష్క సుల్తాను ఏలుబడిలో ఉండేది. రష్యా సామ్రాజ్యంలో ఊచకోతలకు గురియైన యూదు యువకులు అనేకులు అక్కడికి చేరి, వ్యవసాయ క్షేత్రాలలో కూలికి కుదిరినారు. కిన్నెరెత్ క్షేత్రంలో 1909లో పనివారికీ పైవిచారణకర్తకూ తగవు ముదిరి సమ్మె జరిగినది. వలస వ్యవహారాలు చూచే ఆర్థర్ రుప్పిన్‌కు అప్పుడొక ఆలోచన తోచినది. నదికి ఆవలి ఒడ్డున, ఉమ్ జూని వద్ద యూదు జాతీయ నిధి కొన్న భూమిని, పెత్తందారు లేకుండ పనివారికే అప్పగించి చూచినాడు. తొలి ఏటి ప్రయోగం ఫలించినది. 1910 అక్టోబరు చివర పదిమంది పురుషులు, ఇద్దరు స్త్రీలు హదేరా నుండి వచ్చి ఆ భూమిని చేపట్టినారు. ఉండుటకు మట్టి గుడిసెలు, ఒంటికి మలేరియా జ్వరం. వారి కట్టుబాటు ఒక్కటే: యజమాని లేడు, కూలివాడు లేడు, సంపాదన అందరిదీ, వంట ఒకే పొయ్యి మీద.

కట్టుబాటు చెప్పుకోవడం తేలిక. అది మొదట తట్టుకొన్నది వంటింటి గడపకే. అందరూ సమానులన్న ఊరిలోనూ వంట, బట్టలుతుకు స్త్రీల పాలబడినవి. మిరియం బరాట్జ్ దానికి ఒప్పుకొనలేదు. పొరుగు అరబ్బు స్త్రీల వద్ద పాలు పితకడం నేర్చుకొని, పశువులశాల తన చేతిలోకి తీసుకొన్నది. 1913లో ఆమెకు బిడ్డ పుట్టినప్పుడు మరొక చిక్కు. తల్లి బిడ్డతో ఇంట కూర్చుంటే సమానత్వం ఏమైనట్లు? బిడ్డ తలిదండ్రులదే గాని, పోషణభారం ఊరందరిదీ అని తేల్చుకొన్నారు. తరువాతి కాలంలో వందలాది సమష్టి గ్రామాలు తమ తమ రీతిలో అనుసరించిన శిశుపోషణ పద్ధతికి బీజం ఇదే.

ఆ ఊరి రెండవ శిశువు, 1915లో పుట్టిన మోషే దయాన్, పిమ్మట సేనానిగా ప్రసిద్ధుడైనాడు. ఆ పేరు వెనుక ఒక మరణమున్నది. జబ్బుపడిన దయాన్ తండ్రికి మందు తేబోయి, 1913లో దారిలో దాడికి గురై చనిపోయిన మోషే బార్‌స్కీ పేరే బిడ్డకు పెట్టినారు.

జబ్బుపడిన వానికోసం ఒకడు ప్రాణమిచ్చిన ఈ ఊరే, మరి కొన్నేళ్ళకు జబ్బుపడిన ఒకామెను పంపివేసినది. ఆమె కవయిత్రి రాహేల్. యౌవనంలో కిన్నెరెత్ ఒడ్డున సేద్యం నేర్చి, ఫ్రాన్సులో వ్యవసాయశాస్త్రం చదివి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రష్యాలో చిక్కుకొని, 1919లో తిరిగివచ్చి దెగానియాలో చేరినది. అప్పటికే ఆమెను క్షయ పట్టుకొన్నది. క్షయకు మందు లేని కాలమది. పిల్లలున్న ఊరు భయపడినదంటే అర్థమున్నది. అయినా ఆమెను వెళ్ళిపొమ్మన్నప్పుడు, అన్నీ పంచుకొందామన్న కట్టుబాటు హద్దు ఎక్కడున్నదో తేలిపోయినది. ఆమెకు ప్రసిద్ధి తెచ్చిన కవితలలో అధికభాగం ఆ వెలి తరువాత వ్రాసినవే. 1931లో కన్నుమూసిన ఆమెను తెచ్చి కిన్నెరెత్ ఒడ్డుననే సమాధి చేసినారు. నేడు ఇజ్రాయేలు ఇరువది షెకెళ్ళ నోటు మీద ఉన్నది ఆమె ముఖమే.

ఊరు పెరిగితే ఇంటివంటి పొందిక చెడుతుందని స్థాపకుల భయం. అందుచేత 1920లో కొత్తగా వచ్చినవారికి ప్రక్కనే రెండవ దెగానియా వెలసినది. ఎవరి కమతం వారికుండాలని కోరినవారు కొందరు, దయాన్ కుటుంబంతో సహా, 1921లో నహలాల్ గ్రామాన్ని స్థాపించినారు. శరీరశ్రమయే ధర్మమని బోధించిన ఏ. డి. గోర్డన్ తన కడపటి దినాలు దెగానియాలో గడిపి, 1922లో మరణించినాడు.

1948 మే 20న సిరియా సేన ఈ రెండు పల్లెలమీద విరుచుకుపడినది. కంచె దాటివచ్చిన ఒక ట్యాంకును అక్కడే నిలిపివేసినారు. జ్ఞాపకార్థం అది నేటికీ అక్కడే ఉన్నది. అయితే చేరువలోనే రైలుస్టేషనుతో సందడిగా ఉండిన సమఖ్ అనే అరబ్బు ఊరు అదే ఏప్రిల్‌లో ఖాళీయైనది. దాని ప్రజలు మళ్ళీ రాలేదు. ట్యాంకును చూడవచ్చే పిల్లలకు ఈ రెండవ కథ కూడ చెప్పవలసినదే.

పొలాలతోపాటు వజ్రపు పనిముట్ల కర్మాగారం కూడ ఊరికి అమరినది. పనిలో హోదాలు, నైపుణ్యాలు వేరుపడినవి. 2007లో సభ్యులు ఓటువేసి, ఎవరి పనికి తగిన జీతం వారికుండాలని నిర్ణయించినారు. దాదాపు నూరేండ్లు జీతాల తేడా ఎరుగని ఊరిలో జీతాలు వేరైనవి. రాబడి ఎక్కువున్నవారు తమ జీతంలో కొంత భాగం ఇప్పటికీ ఉమ్మడికి చెల్లిస్తారు. తక్కువున్నవారికి ఆసరా ఆ సొమ్మే.